ఆర్పేసిన వరండా దీపం

వెండెల్ స్విచ్ మీద చెయ్యి వేసి ఎన్నాళ్లయిందో! లైట్లు, కర్టెన్లు, చివరికి తలుపు గడియ కూడా ఫోన్‌తోనే నడుపుతాడు. పిల్లలు దయ్యాల వేషాలతో ఇంటింటికీ తిరిగి మిఠాయిలడిగే హాలోవీన్ పండగ వస్తే ఇక చెప్పక్కర్లేదు, నెల ముందు నుంచే బానపొట్ట మీద వైర్లు పరుచుకుని కూర్చుంటాడు. ఈసారి ఎవరైనా మెట్టెక్కితే చాలు, కర్టెన్ దానంతటదే కదులుతుంది, పొగ లేస్తుంది, పొదలో అస్థిపంజరం మూలుగుతుంది. ఇంకా భయంగా ఉండాలని, చీకటి పడగానే వరండా దీపం ఆరిపోయేలా కూడా పెట్టాడు. మిఠాయిల బుట్ట ఒళ్లో పెట్టుకుని కిటికీ వెనక నక్కాడు. దయ్యాల వేషాలేసుకున్న పిల్లలు గుంపులుగా వస్తున్నారు, ఇంటివైపు ఒకసారి చూసి పక్కింటికి పోతున్నారు. వెండెల్ మొహం వాడిపోయింది. "పోయినేడు మరీ జడిపించానేమోనే. ఇక మన గుమ్మం తొక్కరు" అన్నాడు భార్యతో.

మార్జీ బయటికి తొంగి చూసి నెత్తి కొట్టుకుంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉందయ్యా! ఈ పూట దీపం ఆర్పుకున్నారంటే ఆ ఇంట్లో మిఠాయిల్లేవనేగా? చిన్నప్పుడు నువ్వెక్కావా అలాంటి మెట్లు?"

వెండెల్ ఫోన్ సోఫాలో పడేసి, గోడ తడుముకుంటూ పోయి వరండా దీపం స్విచ్ నొక్కి, మళ్లీ కిటికీ వెనక నక్కాడు. కాసేపటికి మెట్ల మీద అడుగులు, పొదలో మూలుగు, ఆ వెంటనే కెవ్వుమని కేక, దాని వెనకే పకపకా నవ్వులు. వెండెల్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"జడుసుకున్నారే, మార్జీ!"

"సంతోషించాం గానీ, లేచి తలుపు తియ్యి. అదైనా నీ చేత్తో తియ్యి."