ఫ్లెక్సీలో మసకబారిన కోటయ్య బాబాయి

పోయిన మనిషిని ఒక్క సినిమా కోసం రెండోసారి చంపిన ఘనుణ్ణి నేను. వినండి, నవ్వుకోండి. నాకైతే నవ్వు రావటం లేదు.

నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదివే రోజులు. సెలవులకు పిడుగురాళ్లలో మా మావయ్య ఫోటో స్టూడియోలో కూర్చునేవాణ్ణి. ఊళ్లో పెళ్లిళ్ల ఫోటోలన్నీ అక్కడి ఒక్క కంప్యూటర్లోనే ఉండేవి. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందంటారు. ఆ మేసే గాడిద కంప్యూటరైతే, కూసింది నేను.

సున్నం బట్టీలో పనిచేసే కోటయ్య బాబాయి పోయాడు. పెద్దకర్మకు ఫ్లెక్సీ వేయించాలని ఆయన భార్య వెంకాయమ్మ పిన్ని వచ్చింది.

"మా అమ్మాయి పెళ్లిలో నవ్వతా ఉన్నాడే, ఆ ఫోటో ఎయ్యి నాయనా. ఆయన నవ్విన ఫోటో అదొక్కటే."

"నేను చూసుకుంటాగా పిన్నీ!"

ఆమె అటు వెళ్లగానే, స్నేహితుడు పంపిన లింకు నొక్కి కొత్త సినిమా దించాను. యాంటీవైరస్ అడ్డుపడితే దాన్నే ఆపేశాను. మొరిగే కుక్క నోరు కట్టేసి దొంగకు తలుపు తీయటమంటే ఇదే. సినిమా రాలేదు. ఫోటోలన్నిటికీ తాళం పడింది. తీయాలంటే డబ్బు పంపమని తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

"ఏందిరా ఇది?" అన్నాడు మావయ్య.

"వైరస్ మావయ్యా. ఫోటోలు ఇంకోచోట దాచలేదా?"

"కంప్యూటర్ చదువు చదివినోడివి నువ్వున్నావుగా అనుకున్నా! పద, పోలీసులకు చెబుదాం."

"వద్దు మావయ్యా. ముందు ఈ సినిమా ఎక్కడిదని అడుగుతారు. దొంగ కాపీ దించటమూ కేసే."

"అంటే సొత్తు పోగొట్టుకుందీ మనమే, దొంగలమూ మనమేనా?"

చివరికి బాబాయి ఆధార్ కార్డు ఫోటోనే సాగదీశాం. మా వైపు చావు ఫ్లెక్సీలో పోయినవాడి కన్నా బతికున్న నాయకులే ఎక్కువ కదా. వాళ్లంతా ఫోన్లలో పంపిన ఫోటోల్లో తెల్లచొక్కాలతో మెరిసిపోతున్నారు. మధ్యలో బాబాయి బట్టీ పొగలోంచి చూస్తున్నట్టున్నాడు.

పిన్ని దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికింది.

"మా ఆయనేడి నాయనా?"

వేలెత్తి చూపించాను. దగ్గరికెళ్లి చూసింది.

"నువ్వు చెప్పావు గాబట్టి ఆయనే అనుకుంటాలే."

తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇకమీదట టికెట్ కొన్నాకే సినిమా చూస్తానని, కొనలేని రోజు గోడమీది పోస్టర్ చూసి కథ ఊహించుకుంటానని కోటప్పకొండ దేవుడి వైపు తిరిగి ఒట్టేశాను. ఆ సినిమా మాత్రం టీవీలో వచ్చినా ఇంతవరకు చూడలేదు.