ప్రహరీ లోపలి గాలి

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నన్ను కాలుష్య నియంత్రణ మండలి పర్యావరణ ఇంజినీరుగా నెల్లూరుకు బదిలీ చేశారు. పరిశ్రమల గాలి అనుమతుల తనిఖీ నా పని. ఫ్యాక్టరీ నడవాలంటే మా మండలి అనుమతి ఉండాలి. గడువు తీరితే పునరుద్ధరించుకోవాలి.

చిల్లకూరు దాటాక, సముద్రం వైపు ఒక సిలికా ఇసుక యూనిట్ ఉండేది. ఇసుకను ఆరబెట్టి, పొడి చేసి గాజు ఫ్యాక్టరీలకు పంపేవారు. వాళ్ల దరఖాస్తు మీద తనిఖీకి వెళ్లి, పొగ గొట్టంలోనూ ప్రహరీ దగ్గరా గాలి నమూనాలు తీశాం. రెండూ పరిమితిలోనే ఉన్నాయి. దుమ్మును గుడ్డసంచుల్లో పట్టి ఆపే బ్యాగ్ ఫిల్టరూ సక్రమంగానే పనిచేస్తోంది. అనుమతి నిరాకరించడానికి కారణం లేదు.

ఫలితాలు చెప్పడానికి మళ్లీ వెళ్లినప్పుడు గేటు దగ్గర షంషాద్ అనే ఆమె నన్ను ఆపింది. ఆమె భర్త మస్తాన్ అక్కడ సంచులు నింపేవాడు. ఊపిరాడక మంచాన పడ్డాడు. గూడూరులో క్షయ అనుకుని మందులిచ్చారట. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుందని, ఇక నయం కాదని నెల్లూరు డాక్టర్లు తేల్చారట.

"మిషను గోడ కాడ పెట్టినారు గదా సార్. మా ఆయన కూచున్నింది లోపల. ఆడ పెట్టి చూడండి," అంది.

లోపలికి వెళ్లాను. సంచులు నింపేవాళ్ల కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు.

షెడ్డు లోపల కార్మికుల ఆరోగ్యం ఫ్యాక్టరీల తనిఖీ అధికారి పరిధిలోది. ఆయనకు రాశాను. అయితే యంత్రాల దగ్గర లేచే దుమ్మును అదుపు చేయమని షరతు పెట్టే వీలు మాకూ ఉంది. నింపే చోటును మూసేసి, దుమ్మును లాగే గొట్టాలు అమర్చాకే అనుమతి ఇవ్వాలని సిఫారసు చేశాను. ఆ ఖర్చు భరించాలంటే మనుషుల్ని తగ్గించుకోవాల్సి వస్తుందని యజమాని ఆఫీసుకు వచ్చి మర్యాదగానే చెప్పి వెళ్లాడు. పై కమిటీ నా సిఫారసును ఆమోదించింది.

పని పూర్తయ్యేసరికి వేసవి వచ్చింది. అప్పటికే మస్తాన్ చనిపోయాడు.

చివరి తనిఖీ రోజున షంషాద్ క్యారియరు పట్టుకుని గేటు దగ్గర కనిపించింది. భర్త చేసిన పనిలోనే ఇప్పుడు మరిది చేరాడు. అతన్ని ఎందుకు పంపావని అడిగాను.

"ఈడ ఇంకేం పనుంది సార్? దుమ్ము తగ్గిందంటన్నాడు. నిజంగా తగ్గిందా?"

తగ్గిందన్నాను. పూర్తిగా పోయిందని మాత్రం చెప్పలేకపోయాను.

గాలి అనుమతి ప్రధానంగా బయటికి వచ్చేదాన్ని కొలుస్తుంది. బయటి కొలత సరిగ్గా ఉన్నంత మాత్రాన లోపలి మనుషులు క్షేమంగా ఉన్నట్టు కాదు. రిటైరయ్యేదాకా ఏ యూనిట్‌కు వెళ్లినా ముందు మనుషులు పనిచేసే చోటు చూసి, ఆ తర్వాతే పొగ గొట్టం దగ్గరికి వెళ్లేవాణ్ణి.