మిగులు పోగుల తోరణం

పొద్దున పార్సిల్ విప్పగానే కొత్త నూలుచీర గంజి వాసన గుప్పుమంది. మా ఇంటి మగ్గం గుర్తొచ్చింది.

నేనింకా బడికి పోని రోజులవి. చిన్నాయనకు పెళ్లయిన కొత్త. చిన్నమ్మ సేద్యగాళ్ల ఇంటి పిల్ల, మగ్గం ఎరగదు. ఒకరోజు చీర కోసేశాక మగ్గానికి మిగిలిన ఎర్ర, పచ్చ పోగులను తెంచి కుచ్చులు కట్టింది. నడుమ జొన్నబెండు ముక్కలు గుచ్చింది. అంత అందమైన తోరణం నేను తిరునాళ్లలో కూడా చూడలేదు.

నేతగాళ్లు ఆ పోగులను తెంచరు. కొత్త పడుగును ఒక్కొక్క పోగుగా వాటికే అతుకుతారు. అవి పోతే, దువ్వెనలాంటి అచ్చులోకి ప్రతి పోగునూ మళ్లీ దూర్చాల్సిందే.

చిన్నాయన చూసి, విసురుగా బయటికి వెళ్లిపోయాడు.

"పనికిరానివనుకుంటిని అత్తా" అని ఏడుస్తూ చిన్నమ్మ తోరణం విప్పబోయింది.

అవ్వ ఆపింది. "తెంచినవి యాడ అతుక్కుంటాయమ్మీ? శానా బాగుండాది, వాకిలికి కట్టు. కట్టి, ఈడికొచ్చి నా పక్కన కూచో."

ఆ తర్వాత ఇంటిల్లిపాదీ మగ్గం చుట్టూ కూర్చున్నారు. చిన్నమ్మ పోగు అందిస్తే అవ్వ దూర్చేది. ఇంకా పెద్ద తోరణం కడుతున్నారనుకుని నేను పక్కనే కాచుకున్నాను. ఎంతసేపటికీ ఒక్క కుచ్చూ రాకపోయేసరికి అలిగి పడుకున్నాను.

వాకిట్లో తోరణం రంగు వెలిసేదాకా ఉంది. ఇప్పుడు నా ఒళ్లో ఉన్న చీర చిన్నమ్మ నేసి పంపిందే.