కీబో కొండ మీద పలకరించని మనిషి

కీబో శిఖరం కింద చివరి మకాంలో ఆ సాయంత్రం గాలి డేరాలను చీల్చేస్తానన్నట్టు కొడుతోంది. వంట చేసే మంకా పరుగున వచ్చింది.

"అనాయేలీ అన్నా, మీ బావ దగ్గు విన్నావా? రొమ్ములో నీళ్ళు కాగుతున్నట్టు గుడగుడమంటోంది. పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి."

"ఎప్పట్నుంచి?"

"నిన్నట్నుంచేనట. నువ్వడగలేదు, ఆయన చెప్పలేదు."

అనాయేలి టీ కింద పెట్టి బావ డేరా వైపు పరుగెత్తాడు.

కొండ కింద మరంగు ఊళ్ళో పుట్టిన అనాయేలి మూటలు మోస్తూ మోస్తూ దారి చూపే పెద్ద అయ్యాడు. ప్రతి ప్రయాణానికి ముందు చర్చిలో మోకరిల్లి, "ప్రభువా, ఎక్కినవాళ్ళందర్నీ క్షేమంగా దించు" అని మాత్రమే అడిగేవాడు. శిఖరం చేర్చమని ఎన్నడూ అడగలేదు. పొద్దువాలాక డేరా డేరా దగ్గరా ఆగి, మూటలవాళ్ళతో సహా అందర్నీ తల నొస్తోందా, తిన్నది ఇమిడిందా అని పలకరిస్తాడు. మూటలవాళ్ళు కూలి పోతుందన్న భయంతో జబ్బు దాచుకుంటారని అతనికి తెలుసు. ఈసారి అందర్నీ పలకరించాడు, ఒక్క కిమారోను తప్ప.

కిమారో అతని భార్యకు అన్న. ఇద్దరి తోటల మధ్య కంచెగా ఉన్న ఇసాలే మొక్కల్ని పీకి, తన అరటిచెట్ల కోసం అనాయేలి నేలలోకి జరిపి నాటాడని తగవు. అప్పట్నుంచి మాటల్లేవు. మూటలు మోసే మనుషులు చాలక కిమారోను ఈ గుంపులో వేశారు.

ఆ మధ్యాహ్నమే కీబో, మావెంజీ శిఖరాల నడుమ బయలులో, కొండెక్కడానికి వచ్చిన అతిథుల్లో హెల్గా అనే ముసలి పంతులమ్మ ఈ కొండ ఎలా పుట్టిందని అడిగింది. నేలలోంచి నిప్పు మూడు చోట్ల పైకి తన్నిందని అనాయేలి చెప్పాడు. మొదట షిరా ఎగసి, చల్లారి కుంగిపోయింది. తర్వాత మావెంజీ. అన్నిటికన్నా చిన్నది కీబో, దాని నోట్లో ఇప్పటికీ గంధకం వాసన వస్తుంది. తాళ్ళూ మేకులూ అక్కర్లేకుండా కాలినడకనే మంచుదాకా పోవచ్చు గనక దేశదేశాలవాళ్ళు వస్తారు. అంత తేలిగ్గా కనబడటమే దాంతో వచ్చిన చిక్కు: ఎక్కేకొద్దీ గాలి పలచబడి కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, వెంటనే దిగితే తప్ప తగ్గదు.

"మా నాయనమ్మ ఇంకోలా చెప్పేదమ్మా. మావెంజీ పొయ్యి ఆరిపోయినప్పుడల్లా నిప్పు కోసం కీబో గడప తొక్కేవాడట. విసిగిపోయి కీబో రోకలి తీసుకుని బాదాడట. మావెంజీ నెత్తి అలా పగిలింది అందుకే."

"నిప్పడిగితే తల పగలగొట్టే చుట్టాలు ఇప్పుడూ ఉన్నార్రోయ్!" అని కిమారో మూట మీద కూర్చుని కేకేశాడు. అందరూ నవ్వారు. నవ్వు వెంటే కిమారోకు దగ్గు. అనాయేలి విన్నాడు, తల తిప్పలేదు.

ఇప్పుడు డేరాలోకి వంగితే కిమారో పడుకోలేక కూర్చుని ఊపిరికి కొట్టుకుంటున్నాడు.

"బావా, ఇప్పుడే దిగాలి."

"దిగను. బావను కొండ మీంచి గెంటేశానని ఊరంతా చాటుదామనా?"

"ఇక్కడే ఉంటే తెల్లారదు నీకు."

"నీకేం పోయింది? కంచె మళ్ళీ జరుపుకోవచ్చు."

పట్టుకోబోయినవాళ్ళను తన్నాడు. తన్నినకొద్దీ ఊపిరి కుంచించుకుపోతోంది. అనాయేలి చొక్కా జేబులోంచి భార్య బతిమాలి పెట్టిన ఇసాలే ఆకు తీశాడు. తప్పు చేసినవాడు మన్నించమని ఆ ఆకు చేతికిస్తే, ఎంత పగ ఉన్నా అవతలివాడు కాదనకూడదు. అది ఈ కొండవాలు జనమైన చాగ్గావాళ్ళ కట్టుబాటు.

కిమారో తెల్లబోయాడు. "కంచె జరిపింది నేను. ఆకు నువ్విస్తావేంట్రా?"

"కంచె సంగతి కాదు. అందరి డేరాల ముందూ ఆగాను, నీ డేరా దాటిపోయాను. నీ దగ్గు విని కూడా. ఆ తప్పుకి."

కిమారో ఆకు అందుకున్నాడు. "కాదనే వీల్లేకుండా చేశావు... ఎత్తండి."

హెల్గా తన ఉన్ని శాలువ విప్పి కిమారో మెడకు చుట్టింది. అతిథుల్ని తోటి గైడుకు అప్పగించి, ప్రాణవాయువు గొట్టం బావ ముక్కుకు తగిలించి, అనాయేలి అతన్ని రోగుల్ని దించే ఒంటిచక్రపు బండి మీద కట్టాడు; నలుగురు పట్టుకున్నారు. చీకటి చిక్కబడకముందే బయలు దాటాలి. ఒకచోట గుడగుడ ఆగింది. ఊపిరే ఆగిందనుకుని అనాయేలి ముఖం మీదకి వంగాడు. వెచ్చటి గాలి చెంపకు తగిలింది. "ప్రభువా, నడిపించు" అంటూ మళ్ళీ తోశాడు.

పొదలు కనబడే ఎత్తుకు దిగేసరికి కిమారో పెదాల్లో కాస్త ఎరుపు తిరిగింది. గొట్టం పక్కకు తోసి ఏదో గొణిగాడు. అనాయేలి చెవి దగ్గరగా పెట్టాడు.

"ఒక్క రాయీ వదల్లేదు కదరా! అన్నిటి మీదా ఎక్కించావు. నడుం విరిగింది."

"మాట్లాడకు బావా, ఊపిరి దాచుకో" అన్నాడు అనాయేలి. కళ్ళు తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆ తర్వాత ఎదురైన రాయిని చూసి, అందర్నీ ఆపి, బండిని చేతులతో ఎత్తించి దాటించాడు.