బోర్డు లేని బ్యాటరీ

చౌటుప్పల్ హైవే పక్కన ఒక రేకుల షెడ్డులో స్కూటర్ బ్యాటరీలు కూర్చే పనికి కుదిరినప్పుడు ఫర్హానాకు ఆ పనంటే ఎంతో ఇష్టం. కాలిన మోటార్లకు తీగ చుట్టే దుకాణం నడిపే తాజుద్దీన్ కూతురామె. తీగలూ మీటరూ చిన్నప్పటి నుంచీ చేతికి అలవాటే. వరుసగా కలిపిన లిథియం సెల్లులన్నీ ఒక్క తీరుగా ఉండవు. ఒకటి ముందే నిండిపోతుంది. ఛార్జర్‌కు ఆ సంగతి తెలియక కరెంటు నెడుతూనే ఉంటుంది. అందుకే ప్రతి బ్యాటరీలో ఒక బ్యాలెన్సింగ్ బోర్డు పెట్టేవారు. నిండిన సెల్లులో ఎక్కువైన ఛార్జిని అది వేడిగా మార్చి వదిలేసి, వెనకబడ్డ వాటిని అందుకోనిస్తుంది. ఏ సెల్లయినా హద్దు దాటబోతే ఛార్జింగే ఆపేస్తుంది.

“దావత్‌ల కడుపు నిండినోనికి ఇంకా కుమ్మరిస్తే కక్కుకుంటడు గదా, అబ్బా! వద్దని చెయ్యి అడ్డం పెట్టేటిదే గీ బోర్డు,” అని తండ్రిని నవ్వించేది.

ఒక ఎండాకాలం షెడ్డు యజమాని పరశురాం ఆ బోర్డులు తెప్పించడం మానేశాడు. పాత ల్యాప్‌టాప్‌లలోంచి పీకిన సెల్లులను కొత్తవాటితో కలపమన్నాడు. బోర్డు జాగాలో అట్టముక్క అతికించమన్నాడు.

“అన్నా, గిట్ల జేస్తే మంటలంటుకుంటయి,” అంది ఫర్హానా.

“డబ్బా మూసినంక లోపల ఎవడు చూస్తడు? జర నోరు మూసుకొని పని చెయ్యి,” అంటూ పాన్ నమిలి బల్ల కిందే ఉమ్మాడు.

ఫర్హానా చేతిలోని సెల్లు కింద పెట్టి వెళ్లిపోయి, తండ్రి దుకాణంలోనే పనికి కూర్చుంది.

వానాకాలంలో రామన్నపేట అంగన్‌వాడీ టీచరు ఎస్తేరు, తాజుద్దీన్ దుకాణానికి కాలిన బ్యాటరీ తెచ్చింది. వసారాలో ఛార్జింగు పెట్టిన స్కూటర్ భగ్గుమందట. పక్క మంచంలో పడుకున్న అత్త మారెమ్మను ప్రాణంతో బయటికి లాగుతూ తన కుడిచెయ్యి కాల్చుకుంది. ఆ బ్యాటరీ కొన్న షెడ్డుకు పోతే, “నీళ్లు పోసినవేమో,” అని పరశురాం దబాయించాడు.

ఫర్హానా డబ్బా విప్పింది. ముక్కు పగిలేలా ఘాటు వాసన కొట్టింది. పగిలిన సెల్లుల నడుమ సగం మాడిన అట్టముక్క! ఆమె అవతలికి పోయి వాంతి చేసుకుంది.

ఇద్దరూ కలిసి షెడ్డుకు వెళ్లారు. ముందర కొనేవాళ్లు నిలబడి ఉన్నారు. పరశురాం ఇకిలించాడు.

“అక్కా, లొల్లెందుకు? కొత్తది ఇస్త, తీస్కపో.”

ఆ కొత్తదాన్ని ఫర్హానా అక్కడే, అందరి ముందే విప్పింది. అందులోనూ అట్టముక్కే.

“తూ! కాలిన చేతుల మళ్ల గిదే పెడ్తున్నవా? నువ్వు మనిషివేనా?” అని ఫర్హానా ఛీకొట్టింది.

జనం ఒక్కసారిగా మీదపడి అరిచారు. ఎస్తేరు పోలీసు స్టేషనులో కంప్లయింటు ఇచ్చింది. షెడ్డుకు తాళం పడింది.

చలికాలం వచ్చేసరికి పరశురాం మరో ఊళ్లో మరో పేరుతో దుకాణం తెరిచాడు. ఆ కొత్త పేరు కింద అతణ్ణి బస్సులోంచి చూసినప్పుడు ఫర్హానాకు కంపరం పుట్టింది. ఇప్పుడామె అబ్బా దుకాణంలోనే బ్యాటరీలు బాగుచేస్తోంది. బ్యాలెన్సింగ్ బోర్డు లేకుండా చవకలో చేసిపెట్టమని అడిగేవాళ్లు రోజూ వస్తూనే ఉన్నారు. వాళ్ల మొహాలు చూడబుద్ధి కాదు ఆమెకు. ఎస్తేరు వేళ్లు ఇంకా సరిగ్గా ముడుచుకోవు. అయినా కొత్త దుకాణం మీద రెండో కంప్లయింటు తన చేత్తోనే, వంకరటింకర అక్షరాలతో రాసింది. సాక్షిగా కింద ఫర్హానా సంతకం పెట్టింది.