లేచి నిలబడే కారు

ఆ కారుకి జాకీ అక్కర్లేదని నేను చెబితే మా గదిలో ఎవడూ నమ్మలేదు. డీఎస్ అనే పాత ఫ్రెంచ్ కారు అది. ఇంజను ఆపి వదిలేస్తే మెల్లగా నేలకు దిగుతుంది. స్టార్ట్ చేస్తే మొదట వెనక భాగం, తర్వాత ముందు భాగం పైకి లేస్తాయి. స్ప్రింగుల బదులు నూనె, గ్యాసు నింపిన ఇనుప గుండ్లు. స్టీరింగు చక్రానికి ఒక్కటే ఊచ. బ్రేకు పెడలు ఉండాల్సిన చోట చిన్న రబ్బరు బుడిపె. బండి తిరిగిన వైపుకే హెడ్‌లైట్లూ తిరుగుతాయి. దీన్ని గీసినవాడు ఎవరి మెప్పూ కోరినట్టు లేడు. అందుకే నాకు వాడు నచ్చాడు.

సౌదీలో బురైదా దగ్గర ఖర్జూర తోటలో పదకొండేళ్ళు ట్రాక్టర్లు, బోరు మోటార్లు బాగుచేశాను. అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డులో మాత్రం వ్యవసాయ కూలీ అని ఉండేది. నితాకత్ అనే కొత్త కార్మిక చట్టం వచ్చి, కాగితంలో ఒక పని, చేతిలో ఒక పని ఉన్నవాళ్ళను ఇంటికి పంపేస్తామన్నారు. సరిచేసుకోవడానికి గడువిచ్చారు. బురైదాలో ఒక గ్యారేజీ నన్ను మెకానిక్‌గా తీసుకుంటానంది. నన్ను వదిలేస్తున్నట్టు నా కఫీల్, అంటే నా వీసా చేతిలో ఉన్న తోట యజమాని, తనాజుల్ కాగితం మీద సంతకం పెడితే చాలు.

అడిగితే ఆయన షెడ్డు చూపించాడు. వాళ్ళ నాన్న డీఎస్ కారు ఏళ్ళుగా దుమ్ములో పొట్ట ఆనించి పడి ఉంది. లేపితే సంతకం పెడతానన్నాడు.

అంతకుముందు వచ్చిన మెకానిక్కులు అందులో మామూలు బ్రేకాయిల్ పోసి పోయారు. వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆకుపచ్చ నూనె తప్ప మరొకటి పోయొద్దని లోపలి భాగాలకు ఆకుపచ్చ రంగే వేసి ఉంది మరి. రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బి పాడయ్యాయి. పైపులు విప్పి కడిగి, రియాద్ నుంచి సీళ్ళు, నూనె తెప్పించి, ఆరు శుక్రవారాలు దాని కిందే పడుకున్నాను. ఏడో శుక్రవారం లేచింది. నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

సంతకం మాత్రం కాలేదు. రేపన్నాడు, ఎల్లుండన్నాడు. ఆఖరికి కారు చూడటానికి రియాద్ నుంచి బంధువులు వస్తున్నారు, వాళ్ళు వెళ్ళాక చూద్దామన్నాడు. గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది.

బంధువులు అరబ్బు కాఫీ గహ్వా తాగి బయటికి వచ్చారు. నేను డ్రైవరు సీట్లో కూర్చుని, ఎత్తు మార్చే మీటను కిందికి తోశాను. అందరూ చూస్తుండగా కారు నేలకు దిగింది. ఇంజను ఆపి తాళం జేబులో వేసుకున్నాను.

కఫీల్ ముఖం మాడిపోయింది. దగ్గరికొచ్చి, పనివాడు పారిపోయాడని సర్కారుకు రాసిచ్చి హురూబ్ పెట్టిస్తానని మెల్లగా అన్నాడు. గహ్వా పోస్తున్న మా గది జగిత్యాలాయన అది విని గబగబా నా పక్కకొచ్చాడు.

"తమ్మీ, తాళమిచ్చెయ్. హురూబ్ పెడితే జైలుకే పోతవ్."

"పెట్టనియ్యి కాకా. పదకొండేండ్ల సంది కూలోన్నని రాసిన్రు. నేను మెకానిక్‌ను. అది రాసేదాంక తాళమియ్య."

నాకొచ్చిన అరబ్బీలో, వచ్చిన బంధువుల్లో పెద్దవాడైన కఫీల్ మేనమామకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పెద్దాయన మేనల్లుణ్ణి, మాటిచ్చావా అని అడిగాడు. అతిథుల ముందు మాట తప్పడం అక్కడ పెద్ద తలవంపు. కాగితం తీసి బోనెట్టు మీద పరిచాను. కఫీల్ సంతకం పెట్టాడు. అప్పుడు లేపాను కారుని.

రెండు నెలల తర్వాత ఆయన ఫోను చేశాడు. కారు మళ్ళీ దిగబడిందట, వెంటనే తోటకు రమ్మన్నాడు. గ్యారేజీకి తెమ్మన్నాను. ట్రెయిలర్ మీద వేసుకొచ్చాడు. ముందు మూడు బండ్లున్నాయి, వంతు వచ్చేదాకా ఆగమని బెంచీ చూపించాను. కూర్చున్నాడు.