తడి దాకా దించిన రాగిపట్టీ

నాగలక్ష్మి తండ్రి జయరామయ్యకు గుత్తిలో స్టేషనుకు పోయే దారిలో ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి ఉండేది. బడి వదిలాక ఆమె ఆటా పాటా అంతా ఆ అంగట్లోనే, వైరు చుట్టల మధ్య. అట్లా ఒకనాడు టెలిఫోన్ లైన్‌మన్ వచ్చి, అంగడి ఎదురుగా రోడ్డు పక్కనున్న ఇనుప పెట్టె తలుపు తీశాడు. లోపల వందల కొద్దీ సన్నని తీగలు, నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో కట్టలు కట్టలుగా బిగించి ఉన్నాయి. పిల్ల గట్టు దిగి దగ్గరికి పోయింది.

"నాయనా, మన అంగడి మాట దీంట్లో ఏ తీగలో పోతాది?" అని అరిచి అడిగింది.

జయరామయ్యకు తెలీదు. లైన్‌మనే నవ్వి, కాస్త వెతికి, ఒక జతను వేలితో పైకెత్తాడు. "ఇదో పాపా, ఇదే మీది. లోపల మీ చిన్నాయన ఫోన్లో మాట్లాడతాండాడు కదా, ఆ మాట ఇప్పుడు దీంట్లోనే పోతాండాది."

ఆ తీగ కదల్లేదు. ముట్టుకుంటే వెచ్చగా కూడా లేదు. అయినా చిన్నాయన గొంతు అందులోంచి ఊరు దాటి పోతోంది. పిల్ల నోరు తెరుచుకుని అట్లాగే నిలబడిపోయింది.

పెద్దయ్యాక ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది. బెంగళూరులో ఒక కేబులింగ్ కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేసి, బ్యాంకులో పనిచేసే భర్త సుదర్శన్‌కు అనంతపురం బదిలీ కావడంతో ఇటు వచ్చేసి, సొంతంగా పని మొదలుపెట్టింది. తీగలు లాగే పని కాదు. కొత్త భవనంలో కంప్యూటర్లకూ ఫోన్లకూ ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలి, ఎంత పొడవు కావాలి, మొత్తం ఎంతవుతుంది అని ముందే ఆలోచించి చెప్పే పని. "గోడలు లేని చోట కూడా నీకు తీగలు కనపడతాయేమో" అని సుదర్శన్ ఆటపట్టించేవాడు. నిజంగానే కనపడేవి.

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే కుటుంబానికి చెందిన భరత్‌కుమార్ అనంతపురం శివార్లలో, బెంగళూరు రోడ్డు మీద ఆరంతస్తుల ఆఫీసు భవనం మొదలుపెట్టినప్పుడు ఆమెను పిలిపించాడు. జబ్బుపడ్డవాళ్ళు ఏ ఊరి నుంచైనా ఫోన్ చేస్తే, నర్సులతో సలహా చెప్పించే కంపెనీ ఒకటి ఆ భవనం అద్దెకు తీసుకోవడానికి ఒప్పుకుంది. మూడో అంతస్తు నడిమధ్యలో మాత్రం భరత్ తనకోసం ఒక గది ఉంచుకున్నాడు.

నాగలక్ష్మి మొదటిసారి పోయినప్పటికి అక్కడ స్తంభాలూ స్లాబులూ తప్ప ఏమీ లేవు. ఎండిన చేల మీదుగా వచ్చే గాలి ఒకవైపు దూరి ఇంకోవైపు పోతోంది. ఆమె ప్రతి అంతస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. తీగలు పైకీ కిందికీ పోవడానికి వదిలిన నిలువు సందు దగ్గర ఆగి, తల ఎత్తి చూసింది. ఆరంతస్తుల పైన, చేతిరుమాలంత ఆకాశం. రేపు ఇక్కడ వందలమంది కూర్చుంటారు. ఎక్కడెక్కడి వాళ్ళ నొప్పులూ, భయాలూ, ఏడుపులూ ఈ సందులో నుంచి పైకి పోతాయి, సమాధానాలు కిందికి దిగుతాయి. ఇన్నేళ్ళుగా ఎన్ని భవనాలు చూసినా, ఆ తలంపు వచ్చేసరికి ఆమెకు ఒళ్ళు జలదరించింది.

ప్లానూ ఖర్చుల అంచనా తీసుకుని పోయిన రోజు, సైటు షెడ్డులో భరత్ చివరి పేజీ చూసి కాగితాలు బల్ల మీద పెట్టేశాడు.

"ఏమక్కా ఇది! తీగలకు ఇంత దుడ్లా? ఒక్కో సీటుకు రెండు లైన్లు ఎందుకు?"

"ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉండల్ల కదప్పా. గోడలు పూసినాక మళ్ళా పగలగొట్టి లాగాలంటే దీనికి మూడింతలు అవుతాది."

"ఏదైనా దారి చెప్పు, తగ్గేటట్ల."

ఆమె ప్లాను పరిచింది. తీగలన్నీ వచ్చి చేరే గదిని ఆర్కిటెక్టు ప్రతి అంతస్తులోనూ లిఫ్టు పక్కన, భవనం మూలలో పెట్టాడు. ఇట్లాంటి తీగ తొంభై మీటర్లు దాటితే అందులో పోయే సంకేతం బలహీనపడుతుంది. భవనం పొడవు చూస్తే, మూల నుంచి ఆ చివరి సీట్లకు అది చాలదు. అందుకని అటు చివర ఇంకో గది కట్టాలి, దానికి వేరే సామాను కొనాలి.

"గది నడిమధ్యలో పెడితే తీగలు అన్ని దిక్కులకూ అందుతాయి. పైఅంతస్తుకో, కిందిఅంతస్తుకో కూడా అందుతాయి. రెండంతస్తులకు ఒక గది చాలు. ఒకటిలో, మూడులో, అయిదులో."

భరత్ ప్లాను మీదికి వంగాడు. "మూడులో నడిమధ్యన నా గది ఉండాది కదక్కా."

"ఉండాది."

"అది కాదులే. ఇంకేమన్నా చూడు. ఈ ఎర్తింగ్ ఏంది, ఇంత రాసినావు? నాలుగు గుంతలు తవ్వి ఉప్పూ బొగ్గూ వేస్తే సరిపోతాది. అందరూ అట్లే చేస్తారు."

పిడుగు పడ్డా, కరెంటు దారి తప్పినా అది మనుషుల్నీ యంత్రాలనూ ముట్టకుండా నేరుగా నేలలోకి దిగిపోవడానికి చేసే ఏర్పాటు ఎర్తింగ్. నాగలక్ష్మి వాదించలేదు. "సరే, ముందు అట్లే చేసి కొలుద్దాం" అంది.

గుంతలు తవ్వారు. గొట్టాలు పాతారు, ఉప్పూ బొగ్గూ నింపారు, ట్యాంకరు తెప్పించి నీళ్ళు పోశారు. నీళ్ళు పోసినంతసేపూ నేల వాటిని గుటగుటా మింగేసింది. మర్నాడు నేల కరెంటును ఎంత అడ్డుకుంటోందో మీటరు పెట్టి కొలిస్తే ముల్లు ఉండవలసిన చోటికి చాలా పైన నిలబడింది. వరుసగా వానలు తప్పిన నేల అది. పైనంతా ఎర్రటి గరుసు మట్టి, కింద రాయి. తడి లేని నేల కరెంటును పుచ్చుకోదు. నాగలక్ష్మి పిడికెడు మట్టి తీసి భరత్ ఎదుట వేళ్ళ సందులోంచి వదిలింది. అది పొడిగా, ఇసుక గడియారంలో లాగా జారిపోయింది.

"పిడుగు పడితే ఈ నేల దాన్ని తీసుకోదు భరత్. అప్పుడది తీగలెంబడి పైకి పోతాది. పైన చెవులకు ఫోన్లు పెట్టుకొని మనుషులుంటారు."

"మరి తడి యాడుంటాది?" అన్నాడు భరత్.

దానికి జవాబు చెప్పడానికి గుమ్మఘట్ట నుంచి ఈశ్వరప్ప వచ్చాడు. అరవై దాటిన మనిషి. వయసంతా బోర్లు వేయడంలోనే గడిచింది. ఎర్తింగ్ కోసం బోరు వేయడం మాత్రం ఆయనకు అదే మొదలు. "నీళ్ళొద్దంట, తడి చాలంట! నా జన్మలో ఇట్లాంటి గిరాకీ చూడలేదు తల్లీ" అని నవ్వాడు.

రిగ్గు మొదలైంది. నేల నుంచి ఎర్రదుమ్ము లేచింది. కాసేపటికి దుమ్ము తెల్లబడింది. ఆ తర్వాత బూడిద రంగు. రాతిపొడి గాలికి లేచి స్తంభాలనూ, మనుషులనూ, పార్కు చేసిన కార్లనూ కప్పేసింది. భరత్ ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, గొట్టం మీద గొట్టం దిగుతుంటే లోపల్లోపలే లెక్క వేసుకుంటున్నాడు. ప్రతి గొట్టం ఖర్చూ అతని మొహంలో కనపడుతోంది. నూరడుగులు దాటింది. నూటయాభై. రెండు వందలు దాటినా దుమ్మే.

"ఆపేద్దామా అన్నా?" అన్నాడు భరత్ ఈశ్వరప్పతో.

"ఉండప్పా. చప్పుడు మారతాండాది."

నాగలక్ష్మికి ఏ తేడా వినపడలేదు. అయితే కొంతసేపటికి అందరూ చూశారు. లేస్తున్న దుమ్ము ఉన్నట్టుండి లేవడం మానేసింది. దాని బదులు బోరు నోట్లోంచి నల్లటి ముద్దలు ఎగిరి పడ్డాయి. ఈశ్వరప్ప చెయ్యెత్తి రిగ్గు ఆపించాడు. వంగి ఒక ముద్ద తీసి నాగలక్ష్మి అరచేతిలో పెట్టాడు.

చల్లగా ఉంది. పైన మే నెల ఎండ నెత్తి మాడ్చేస్తోంది. ఈ మట్టి మాత్రం అప్పుడే కుండలోంచి తీసినట్టుంది. ఎన్నేళ్ళ కిందటి వాన ఇది? ఎవరు పుట్టకముందు కురిసి, రాతి నెరియల్లో దిగి, చీకట్లో ఇన్నాళ్ళూ ఎదురుచూసింది? ఆమె దాన్ని భరత్‌కు అందించింది. అతను రెండు చేతులతో తీసుకుని, చెంపకు ఆనించుకున్నాడు.

"అక్కా," అన్నాడు, "మూడో అంతస్తులో నా గది తీసుకో. ఆ మిగిలే దుడ్లతో ఈ పని కానీ."

రాగిపట్టీని ఆ తడి దాకా దించారు. చుట్టూ తేమను పట్టి ఉంచే బంకమట్టి నింపారు. పైనున్న గుంతలన్నిటినీ, పిడుగును పట్టడానికి భవనం నెత్తి నుంచి గోడలో దించిన పట్టీనీ దానికి కలిపారు. ఈసారి మీటరు ముల్లు దాదాపు సున్నా దగ్గరికి వాలిపోయింది. ఇక మిగతా ఖర్చులో నాగలక్ష్మి కూడా కొన్ని వదులుకుంది. తీగల చివర గోడకు బిగించే ఖరీదైన ప్లేట్లకు బదులు మామూలువి పెట్టించింది. ఆరో అంతస్తులో సగానికి తీగలు లాగకుండా గొట్టాలు మాత్రం వేయించింది. నెలల తరబడి, పైకప్పు పలకల వెనక, ఎవరికీ కనపడని చోట, నీలిరంగు కేబుళ్ళు గదుల వైపు నడిచాయి. పని పూర్తయిన రోజు ఆమె మూడో అంతస్తు గదిలో ఒంటరిగా నిలబడి మెయిన్ స్విచ్ వేసింది. ఒకటి, పది, వంద, లెక్కలేనన్ని చిన్న పచ్చదీపాలు వణుకుతూ వెలిగాయి.

ఆ మరుసటి ఏడు ఎండాకాలం చివర్లో, ఆరో అంతస్తులో మిగిలిన సగం కొలవడానికి ఆమె మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నం దాటాక పడమట మబ్బు పట్టింది. చూస్తుండగానే అద్దాల బయట వెలుగంతా రాగిరంగుకు తిరిగింది. గాలి ఎర్రమట్టిని తెచ్చి కిటికీలకు కొట్టింది. ఆమె పక్క వరుసలో అశ్విని అనే నర్సు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. గోరంట్ల దగ్గరి పల్లెలో ఒక పసిబిడ్డ గొంతులో ఏదో అడ్డంపడి ఊపిరాడటం లేదు.

"బిడ్డను ముంజేతి మీద బోర్లా పండబెట్టన్నా. తల కిందికి ఉండల్ల. వీపు మీద అరచేత్తో కొట్టు. కొడతాండావా?"

అప్పుడు పడింది. మెరుపూ చప్పుడూ వేరు వేరుగా రాలేదు. కిటికీలన్నీ ఒక్కసారిగా తెల్లబడ్డాయి. నేల అదిరింది. ఎవరో కెవ్వుమన్నారు. దీపాలు ఆరి, మళ్ళీ వెలిగాయి. పిడుగు నెత్తి మీద, ఇదే భవనం మీద పడిందని నాగలక్ష్మికి అర్థమైంది. ఆ క్షణాన అదంతా తన పక్కనే గోడలోని పట్టీ మీదుగా, ఆరంతస్తులు దిగి, రాయి దాటి, ఆ చల్లని చీకట్లోకి పోయింది.

"మళ్ళా కొట్టన్నా, ఆపొద్దు!" అశ్విని గొంతు ఆగలేదు. లైనూ ఆగలేదు. ఒక నిమిషానికి ఆమె తల బల్లకు ఆనించి, చెవి దగ్గరి ఫోను గట్టిగా పట్టుకుని, "ఏడుస్తాండాడా? ఏడవనీ అన్నా, ఏడవనీ" అంది. పక్కన నిలబడ్డ నాగలక్ష్మికి ఫోన్లోంచి ఆ ఏడుపు సన్నగా వినిపించింది.

ఆమె మెట్లన్నీ దిగి ఒక్కో గదీ చూసింది. అయిదో అంతస్తులో కంప్యూటర్ తీగలన్నిటినీ కలిపే స్విచ్ పెట్టె ఒకటి మాత్రం దీపాలారి చల్లబడిపోయింది. గోడలకున్న రక్షణ డబ్బాల్లో మూడు లోపల కాలి నల్లబడ్డాయి. పిడుగులో కొసరు మిగిలినదాన్ని అవి మింగి తమ పని ముగించాయి. మిగతా దీపాలన్నీ ఏమీ జరగనట్టు మిణుకుతున్నాయి. బయట వాన మొదలైంది. మొదటి చినుకులకు మట్టి పొగలు కక్కింది.

మర్నాడు ఆమె మాడిన డబ్బాలు మార్పిస్తుంటే భరత్ వచ్చాడు. ఫోన్లో సంగతి విని ఈశ్వరప్ప కూడా గుమ్మఘట్ట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేశాడు. ముగ్గురూ కలిసి బోరు మీది మూత తెరిచారు. రాగిపట్టీ ఎక్కడా కమలలేదు, మసి లేదు. కొత్తగా దించినట్టు మెరుస్తూ కిందికి, కిందికి, కంటికి అందని దాకా పోయింది.

"అంత నిప్పు దిగింది," అన్నాడు ఈశ్వరప్ప మెల్లగా, "గుర్తు కూడా లేదు చూడమ్మా."

గుంత చుట్టూ ముగ్గురూ గొంతుక్కూర్చుని లోపలికి చూస్తూ ఉండిపోయారు. పైన ఆరంతస్తుల్లో, తెరిచిన కిటికీల వెనక, జనం మాట్లాడుతూనే ఉన్నారు.